తిరుగు దారి లెక్క

వేసవి సెలవులొస్తే కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్లు చాలామంది యోసెమిటీకి బయల్దేరతారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కూడా వెంటబెట్టుకుంటారు. యోసెమిటీలో టయోగా కనుమ దాటి అవతలికి దిగితే మోనో సరస్సు వస్తుంది. అక్కణ్ణుంచి 395వ నంబరు హైవే మీద ఉత్తరంగా పోవాలి. బ్రిడ్జ్‌పోర్ట్ అనే చిన్న ఊరు ఇంకా ఏడు మైళ్లుందనగా కుడిచేతి వైపు ఒక రోడ్డు చీలుతుంది. దాని నంబరు 270. మొదటి పది మైళ్లు తారు రోడ్డే. తరవాత తారు అయిపోతుంది. ఇక మిగిలింది మూడు మైళ్లు. అంతా మట్టి, కంకర, గతుకులు. దాని చివర బోడీ ఉంది. ఒకప్పుడు వేలమంది బతికిన బంగారు గనుల ఊరు. ఇప్పుడు పార్కు సిబ్బంది తప్ప కాపురం ఉండేవాళ్లు లేరు. హోటలు లేదు. పెట్రోలు బంకు లేదు. రాత్రి పడుకోవడానికి గది లేదు. ఫోను సిగ్నలు మీద ఆశ పెట్టుకోకూడదు.

ఇలాంటి పాడుబడ్డ గనుల ఊళ్లు అమెరికా పడమటి రాష్ట్రాల్లో చాలా ఉన్నాయి. వాటికి పోయే దారులన్నీ దాదాపు ఇలాంటివే. వెళ్లాలనుకునేవాళ్లకి ఇవాళ చెప్పాలనుకున్నది ఒక్కటే మాట. లెక్క తిరుగు దారి నుంచి మొదలుపెట్టండి. ఎలా వెళ్లాలి అన్నది రెండో ప్రశ్న. ఎలా తిరిగి రావాలి అన్నది మొదటి ప్రశ్న. మామూలుగా మనం చేసేది దీనికి తలకిందులు. ఎన్ని గంటలు పడుతుంది, అక్కడ ఏం చూడాలి, ఫోటోలు ఎక్కడ బాగా వస్తాయి, ఇవన్నీ ముందు చూస్తాం. తిరిగి రావడం దానంతటదే జరిగిపోతుందనుకుంటాం. నూతిలో చేద వేసేవాళ్లు అలా అనుకోరు. చేద కిందికి పోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. దాని బరువే దాన్ని తీసుకుపోతుంది. నిండాక పైకి రావడానికే తాడు కావాలి, గిలక కావాలి, లాగే చెయ్యి కావాలి. అందుకే చేద వదలకముందే తాడు పొడుగు చూసుకుంటారు. మట్టి రోడ్డు ప్రయాణమూ అంతే. లోపలికి పోవడానికి కారుంటే చాలు. బయటికి రావడానికి టైర్లుండాలి, నీళ్లుండాలి, పెట్రోలుండాలి, వెలుగుండాలి. ఇది జాగ్రత్తపరులు చెప్పే చాదస్తం అనుకోకండి. ఆ ఊరి కథే ఇందుకు సాక్ష్యం.

1859లో డబ్ల్యూ. ఎస్. బోడీ అనే ఆయన ఆ కొండల్లో బంగారం కనిపెట్టాడు. ఊరికి ఆయన పేరే వచ్చింది. కాని ఆయన ఊరిని చూడలేదు. ఆ చలికాలంలోనే సరుకులు తేవడానికి మోనోవిల్ అనే మకాముకి వెళ్లాడు. తిరిగి వస్తుండగా మంచు తుఫానులో చిక్కుకుని చనిపోయాడు. గమనించండి. బంగారం వెతకడంలో పోలేదు. గని కూలి పోలేదు. సరుకులు తీసుకుని వెనక్కొచ్చే దారిలో పోయాడు. ఆ తరవాత పదిహేనేళ్లకు పైగా అక్కడ పెద్దగా ఏమీ జరగలేదు. 1870ల మధ్యలో ఒక గనిలో కొంత భాగం కూలిపోయి మంచి బంగారం ఉన్న రాయి బయటపడింది. స్టాండర్డ్ అనే గనుల కంపెనీ వచ్చింది. దాని వెనక జనం వచ్చారు. 1880 నాటికి ఊళ్లో వేలమంది ఉన్నారు. సారా కొట్లు, పత్రికలు, బ్యాంకు, చర్చి, బడి, చైనా వాళ్ల పేట, అన్నీ లేచాయి. ఇదంతా ఎంత ఎత్తున? 8,375 అడుగుల ఎత్తున. మన ఊటీ కంటే వెయ్యి అడుగులు ఎక్కువ. చుట్టూ చెట్టు లేదు. ఎండుగడ్డీ, పొదలూ తప్ప కంటికి ఆనేది లేదు. అంటే ఆ ఊళ్లో నిలబడ్డ ప్రతి దూలమూ, పొయ్యిలో కాలిన ప్రతి కట్టే, తిన్న ప్రతి ముద్దా దారి వెంట మోసుకొచ్చినవే. నేలలో బంగారం ఉన్నమాట నిజం. ఊరిని మోసింది మాత్రం దారి.

గని యజమానులకు ఈ లెక్క బాగా తెలుసు. రాయి దంచే మిల్లు నడవాలంటే ఆవిరి కావాలి. ఆవిరికి కట్టెలు కావాలి. కట్టెల కోసం 1881లో ఏకంగా ఒక చిన్న రైలు మార్గమే వేశారు. మోనో సరస్సుకి దక్షిణాన ఉన్న అడవిలోని మోనో మిల్స్ నుంచి బోడీ దాకా 32 మైళ్లు. ఆ రైలు ప్రపంచంలో ఇంకే రైలు మార్గంతోనూ కలవలేదు. కట్టెలూ కలపా మొయ్యడానికే పుట్టింది, ఆ పనిలోనే ముసలిదైపోయింది. అయినా కట్టెల ఖర్చు తప్పలేదు. అప్పుడు 1890ల తొలినాళ్లలో స్టాండర్డ్ కంపెనీ ఇంకో ఎత్తు వేసింది. సుమారు 13 మైళ్ల అవతల గ్రీన్ క్రీక్ అనే వాగు దగ్గర కరెంటు పుట్టించింది. తీగల మీద దాన్ని మిల్లుకి తెచ్చింది. అంత దూరం కరెంటు పంపడం ఆ రోజుల్లో వింత. అది శాస్త్రం మీద ప్రేమతో చేసిన పని కాదు. దారి ఖర్చు తప్పించుకోవడానికి చేసిన పని. తీగ మీద వచ్చే కరెంటుకి బండి అక్కర్లేదు, ఎద్దు అక్కర్లేదు, మంచు అడ్డం రాదు. బోడీలో తెలివైనవాళ్లంతా చేసింది ఇదే. దారి ఎంత అడుగుతోందో చూశారు. ఇవ్వగలిగినంత కాలం ఉన్నారు. ఇవ్వలేని రోజున వెళ్లిపోయారు.

ఇప్పుడు బోడీ వెళ్లి ఆ కిటికీ అద్దాల్లోంచి లోపలికి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కొట్లో అరల మీద డబ్బాలు అలాగే ఉంటాయి. బడిలో బల్లలూ పుస్తకాలూ ఉంటాయి. వాటి మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంటుంది. దయ్యాల కథలు చెప్పేవాళ్లు జనం రాత్రికి రాత్రి పారిపోయారంటారు. అదేం కాదు. జనం కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చారు. 1932లో పెద్ద మంటలు లేచి ఊళ్లో చాలా భాగం కాలిపోయింది. 1942లో యుద్ధం కారణంగా బంగారు గనులు మూసెయ్యమని ప్రభుత్వం ఆదేశించింది. ఆ ఏడే పోస్టాఫీసూ మూతపడింది. మరి సామాన్లు ఎందుకు వదిలేశారు? బయటికి మొయ్యడానికయ్యే ఖర్చు ఆ వస్తువుల విలువ కంటే ఎక్కువ కాబట్టి. బల్ల ఖరీదు కంటే బండి కిరాయి ఎక్కువైతే బల్ల అక్కడే ఉండిపోతుంది. అంటే మనం ఇవాళ చూడ్డానికి వెళ్లేదే తిరుగు దారి లెక్కలో ఓడిపోయిన సామాను. దీనికి పక్కన మన కోలారు బంగారు గనుల్ని పెట్టి చూడండి. అక్కడా తెలుగువాళ్లు పనిచేశారు. అక్కడికీ దూరం నుంచే కరెంటు వచ్చింది. 1902లో శివసముద్రం నుంచి, తొంభై మైళ్లకు పైగా తీగలు లాగి తెచ్చారు. 2001లో ఆ గనులు మూతపడ్డాయి. కాని ఊరు పాడుబడలేదు. కారణమేమిటి? ఊరికి రైలుంది. పొద్దున్నే బెంగళూరు రైలెక్కి పనికి పోయి, రాత్రికి ఇంటికొచ్చేవాళ్లు ఇప్పటికీ వేలల్లో ఉన్నారు. గని పోయినా దారి మిగిలితే ఊరు బతుకుతుంది. దారి బరువైతే, ఊరు ఎంత వెలిగినా ఆరిపోతుంది.

సరే, ఇది చరిత్ర. అద్దె కారులో ఒక పూట చూసొచ్చేవాళ్లకి దీంతో ఏం పని అంటారా? చెబుతాను. మట్టి రోడ్డు మీద తిరుగు దారిని తేల్చేది ఇంజను కాదు. టైరు. ఇంజను చెడిపోవడం ఈ రోజుల్లో అరుదు. టైరు కోసుకుపోవడం అరుదు కాదు. గనుల ప్రాంతపు రోడ్ల మీద రాయి గుండ్రంగా ఉండదు. పగిలిన రాయి. అంచులు కత్తిలా ఉంటాయి. టైరు కింది భాగం మందంగా ఉంటుంది, తట్టుకుంటుంది. పక్కగోడ పల్చన. రాయి పక్కగోడకి తగిలితే టైరు పోయినట్టే. అది పంక్చరు కాదు, అతుకు వెయ్యడానికి. ఇక్కడొక సంగతి చాలామంది చూసుకోరు. కొత్త కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు. డిక్కీలో పరుపు ఎత్తి చూస్తే ఒక సీసాలో జిగురు మందు, చిన్న గాలి పంపు ఉంటాయి. ఆ మందు మేకు గుచ్చుకున్న చిల్లుకి పనికొస్తుంది. పక్కగోడ చిరిగితే ఎందుకూ పనికిరాదు. కాబట్టి బయల్దేరే ముందు రోజు డిక్కీ తెరవండి. స్టెప్నీ ఉందా? ఉంటే అందులో గాలి ఉందా? జాకీ ఉందా? జాకీ ఎక్కడ పెట్టాలో మీకు తెలుసా? ఆ తరవాత వంగి టైరు పక్కగోడ చూడండి. అక్కడ డీఓటీ అన్న అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే ఆ టైరు 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. పైన గాళ్లు బాగానే కనిపిస్తాయి గాని, పాత రబ్బరు బిరుసెక్కుతుంది. పక్కగోడ మీద సన్నటి పగుళ్లుంటే ఆ కారుని మట్టి రోడ్డు ఎక్కించకండి. ఇదంతా పది నిమిషాల పని. ఇంటి దగ్గర పది నిమిషాలు. కొండ మీద చీకట్లో అయితే గంటలు.

రెండోది వేగం. మట్టి రోడ్డు మీద అడ్డంగా చిన్న చిన్న గట్లు లేస్తాయి. వాటి మీద కారు పోతుంటే పళ్లు కొట్టుకుంటాయి, కారు మొత్తం గడగడలాడుతుంది. అవి ఎలా పుడతాయి అన్నదాని మీద భౌతికశాస్త్రవేత్తలు కొందరు ప్రయోగశాలలో ఇసుక మీద చక్రం తిప్పి చూశారు. 2007లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తేలిందేమిటంటే, ఒక మోస్తరు వేగం దాటితే చాలు, ఎలాంటి చక్రమైనా గట్లు పుట్టిస్తుంది. స్ప్రింగులున్నా లేకపోయినా అంతే. ఆ వేగం లోపలుంటే నేల చదునుగానే ఉంటుంది. అంటే రోడ్డుని పాడుచేసేది మనుషుల తొందరే. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అనుభవం ఉన్న డ్రైవర్లు కొందరు చెబుతారు, వేగం పెంచితే గట్ల మీద తేలిపోతాం, కుదుపు తగ్గుతుంది అని. అందులో అబద్ధం లేదు. కుదుపు నిజంగానే తగ్గుతుంది. ఎందుకు తగ్గుతుంది? చక్రం గట్టుకీ గట్టుకీ మధ్య నేలని సరిగ్గా తాకదు కాబట్టి. తాకని చక్రానికి పట్టు ఉండదు. పట్టు లేని చక్రం బ్రేకు వినదు, మలుపు తిరగదు. పైగా అదే వేగంలో పదునైన రాయి తగిలితే టైరు బతకదు. అందువల్ల సుఖం కోసం వేగం పెంచకండి. బోడీ దగ్గర ఉన్నది మూడు మైళ్లే. మెల్లగా పోతే పావుగంట. ఆ పావుగంట ఆదా చేసి ఎవరికి ఇవ్వాలి?

మాది ఫోర్ వీల్ డ్రైవ్ బండి, ఎస్‌యూవీ, మాకు ఈ లెక్కలెందుకు అని ఇంకొందరంటారు. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందడం మంచిదే. ఏటవాలులో, ఇసుకలో, పల్చటి బురదలో అది నిజంగా ఆదుకుంటుంది. కాదనను. కాని ఆ బలం ముందుకు పోవడానికే. ఆగడానికి కాదు. బ్రేకు అన్ని కార్లకీ నాలుగు చక్రాల మీదే పనిచేస్తుంది. టైరు చిరిగితే ఆ బలం అతుకు వెయ్యదు. ఇంకో చిక్కు కూడా ఉంది. మామూలు కారు బురద మొదట్లోనే దిగబడిపోతుంది. నడిచి వెనక్కి రావచ్చు. పెద్ద బండి ఇంకా లోపలికి పోయి, అక్కడ దిగబడుతుంది. బోడీ రోడ్డు మీద చలికాలపు మంచులోనూ, వసంతకాలపు బురదలోనూ ఇరుక్కుపోయేవాటిలో ఆ పెద్ద బండ్లూ చాలా ఉంటాయి. చిన్న కార్లవాళ్లు చాలామంది అసలు ఆ సాహసం చెయ్యరు. చలికాలంలో మంచు పడితే అక్కడికి చక్రాల బండ్లు పోవు. మంచు మీద జారే పట్టీలు కట్టుకునో, మంచు బండ్ల మీదో పోవాలి. బండి బలం మీ తాడుని పొడిగించదు. చేదని పెద్దది చేస్తుంది, అంతే. అద్దె బండైతే ఒప్పందం కాగితం కూడా చదవండి. చాలా ఒప్పందాల్లో తారు లేని రోడ్డు మీదికి తీసుకుపోకూడదన్న షరతు ఉంటుంది. అక్కడ జరిగిన నష్టం మీ నెత్తినే పడుతుంది.

ఫోనుంది కదా, దారి అదే చెబుతుంది అన్నది ఇంకో మాట. ఫోను దారి చెబుతుంది. ఆ దారి ఇవాళ ఎలా ఉందో చెప్పదు. బోడీకి ఇంకో దారి కూడా ఉంది. మోనో సరస్సుకి ఉత్తరాన 167వ నంబరు రోడ్డు నుంచి కాటన్‌వుడ్ కాన్యన్ మీదుగా పోతుంది. మ్యాపులో చూస్తే దగ్గరే అనిపిస్తుంది. అది సుమారు పది మైళ్లు, ఎక్కువ భాగం మట్టే. వాన కురిసిన మర్నాడు అది ఒకలా ఉంటుంది, ఎండల్లో ఇంకోలా ఉంటుంది. మ్యాపులో మాత్రం ఎప్పుడూ ఒకే గీత. ఆ గీత గీసిన యంత్రానికి మీ టైరు వయసు తెలియదు. కనుక మ్యాపుని ఇంటి దగ్గరే ఫోనులోకి దింపుకోండి. కాగితం మ్యాపు ఒకటి కారులో పెట్టుకోండి. పార్కు వాళ్ల వెబ్‌సైటులో రోడ్డు సంగతి ఆ రోజు పొద్దున చూడండి. వీలైతే ఫోను చేసి అడగండి. మనిషిని అడిగితే మనిషి చెప్పే జవాబు వేరు. నిన్న రెండు కార్లు ఇరుక్కున్నాయి, ఇవాళ రాకండి అని చెప్పేది మనిషే.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. రెండూ విషాదాలే. భయపెట్టడానికి చెప్పడం లేదు. 1996 జులైలో జర్మనీ నుంచి వచ్చిన నలుగురు అద్దె మినీవ్యాన్‌లో డెత్ వ్యాలీ ఎడారి లోపలి మట్టి దారుల్లోకి వెళ్లారు. వాళ్లలో ఇద్దరు పిల్లలు. పాత గనుల మకాములు ఉన్న ప్రాంతమది. ఎండ మాట చెప్పనే అక్కర్లేదు. అక్టోబరులో ఆ వ్యాన్ దొరికింది. టైర్లు గాలి పోయి ఉన్నాయి. ఇరుకైన లోయలో, ఆ బండి వెళ్లగూడని చోట ఉంది. పెద్దవాళ్ల అవశేషాలు దొరకడానికి 2009 దాకా పట్టింది. అవి వ్యాన్‌కి కొన్ని మైళ్ల అవతల ఉన్నాయి. వాళ్లు బండి వదిలి నడిచారన్నమాట. రెండోది 2006 చలికాలం, ఒరెగాన్ కొండల్లో ఒక అడవి రోడ్డు. మంచులో ఒక కుటుంబం చిక్కుకుంది. వారం రోజులు కారులోనే ఉన్నారు. టైర్లు కాల్చి పొగ పెట్టారు. చివరికి తండ్రి సాయం తెస్తానని నడిచి వెళ్లి, చనిపోయాడు. కారు దగ్గరే ఉన్న తల్లినీ ఇద్దరు పిల్లల్నీ హెలికాప్టరు వెతికి కాపాడింది. ఆయన ధైర్యాన్ని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కాని పై నుంచి వెతికేవాళ్లకి మనిషి కంటే కారు తొందరగా కనిపిస్తుంది. ఎండకైనా చలికైనా కారు నీడ ఇస్తుంది, గూడు అవుతుంది. అందుకే ఇరుక్కుంటే కారు వదలకండి. మళ్లీ చెబుతున్నాను. ఇరుక్కుంటే కారు వదలకండి. కారు దగ్గర ఉండగలగాలంటే కారులో నీళ్లుండాలి, దుప్పట్లుండాలి. అవి తాగడానికీ కప్పుకోవడానికీ మాత్రమే కాదు. కారు దగ్గర ఓపికగా కూర్చోవడానికి.

మీరు మరీ చెబుతున్నారు అని ఎవరైనా అనవచ్చు. బోడీ దారి డెత్ వ్యాలీ కాదు కదా. వేసవిలో రోజూ ఎన్నో మామూలు కార్లు ఆ మూడు మైళ్లు పోయి వస్తున్నాయి కదా. మనకేమైనా అయితే వెనక కారువాళ్లు ఆగుతారు కదా. ఈ అభ్యంతరం న్యాయమైనది. ఆగస్టు నెలలో, ఎండ ఉన్న పూట, 270 మీద నుంచి పోతే ప్రమాదం తక్కువే. చిన్న కారులో నిశ్చింతగా పోవచ్చు. అందుకే మొదటిసారి ఇలాంటి రోడ్డు ఎక్కేవాళ్లకి బోడీయే మంచిదంటాను. నా వాదన వేరు. పన్నెండు మైళ్లు కలిసొచ్చిన అదృష్టం పదమూడో మైలుకి పూచీ కాదు. బోడీ చూసి ఉత్సాహం వస్తుంది. వచ్చే సెలవులకి ఇంకా లోపలి ఊరేదో చూద్దామనిపిస్తుంది. అక్కడ వెనక కారు ఉండదు. మూడు మైళ్ల మీద అలవాటు చేసుకోని లెక్క ముప్ఫై మైళ్ల మీద గుర్తుకు రాదు. సాయం అన్నది కూడా దారి మీదే రావాలి. బండి లాగే లారీ బోడీలో దొరకదు. ఎక్కడి నుంచో పిలవాలి. పిలవడానికి సిగ్నలుండాలి. వచ్చినవాడు అడిగే డబ్బు మీ సెలవుల ఖర్చంతటితో పోటీ పడుతుంది.

ఇక అన్నిటికంటే కష్టమైన సంగతి. ఎక్కడ వెనక్కి తిరగాలి అన్నది ఇంట్లోనే తేల్చుకోవాలి. రోడ్డు మీద తేల్చుకోలేం. ఎందుకో చూడండి. శాన్ ఫ్రాన్సిస్కో వైపు నుంచి ఐదారు గంటలు నడిపి వచ్చారు. వెనక సీట్లో పిల్లలు ఎప్పుడొస్తుంది, ఎప్పుడొస్తుంది అంటున్నారు. నాన్నగారు ఇండియా వెళ్లిపోయేలోగా చూపించాలి. తారు అయిపోయింది. మూడు మైళ్లే ఉంది. ఆకాశం నల్లబడుతోంది. అప్పుడు తిరిగిపోదాం అనే మనిషి ఎవరు? ఇంత దూరం వచ్చి అంటారు అందరూ. ఆ ఒక్క మాటే ప్రమాదం. వచ్చిన దూరం ఖర్చయిపోయింది, అది ఎటూ తిరిగి రాదు. మిగిలిన దారికి దానితో సంబంధం లేదు. కాని అలసిపోయిన మనసుకి ఆ లెక్క ఎక్కదు. కాబట్టి ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర నాలుగు షరతులు పెట్టుకోండి. పెట్రోలు సగం ట్యాంకు కంటే తగ్గితే మట్టి రోడ్డు ఎక్కం. టైరులో గాలి తగ్గిందని చెప్పే దీపం వెలిగితే అక్కడే ఆగి తిరుగుతాం. వాన మొదలైతే తిరుగుతాం. మధ్యాహ్నం ఫలానా వేళ దాటితే వెళ్లం. ఆ వేళ ఎలా పెట్టాలి? పార్కు గేటు మూసే వేళ నుంచి వెనక్కి లెక్క కట్టండి. చూడ్డానికి రెండు గంటలు, మట్టి రోడ్డుకి అరగంట, అనుకోనిదానికి ఒక గంట. ఈ షరతులు కారు నడిపేవాళ్లు కాకుండా ఇంకొకరు గుర్తుచెయ్యాలి. ఇంట్లో ఎవరి మాటకి ఎదురుండదో ఆ పని వాళ్లకి అప్పజెప్పండి. చాలా ఇళ్లలో అది అమ్మే.

ఇంత లెక్క పెట్టుకుంటే సరదా ఏముంది అంటే, సరదా ఉన్నదే ఊళ్లో. దాన్ని తీరిగ్గా చూడాలంటే మనసు దారి మీద ఉండకూడదు. 1962లో ఆ ఊరు రాష్ట్ర పార్కు అయింది. ఇళ్లని కొత్తగా బాగుచెయ్యరు. కూలిపోనివ్వరు. వంగిన గోడకి దుంగ ఆనిస్తారు, ఎగిరిన రేకు మళ్లీ కొడతారు, అంతే. ఒకనాటి ఊళ్లో సుమారు నూటపది కట్టడాలు మిగిలాయి. మేకు కూడా తీసుకురావద్దు. అది చట్టం. తీసుకుపోయిన కొందరు తరవాత అరిష్టం పట్టిందని భయపడి, క్షమాపణ చీటీతో పోస్టులో తిప్పి పంపుతుంటారు. ఆ శాపం సంగతి ఎలా ఉన్నా, పోస్టు ఖర్చు మాత్రం నిజం. పాత గని నోళ్ల దగ్గరికీ సొరంగాల్లోకీ వెళ్లకండి. లోపల గాలి చెడి ఉండవచ్చు, నేల డొల్లగా ఉండవచ్చు.

పెద్దవాళ్లని తీసుకెళ్తే ఇంకొన్ని మాటలు. అంత ఎత్తున ఆయాసం వస్తుంది. గుండె జబ్బు, ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్లు ముందు డాక్టరుని అడగాలి. మందులు సూట్‌కేసులో కాదు, చేతి సంచిలో ఉండాలి. వేసవిలో కూడా అక్కడ రాత్రి నీళ్లు గడ్డకట్టే చలి పడవచ్చు. శాలువా, స్వెట్టరు తప్పదు. పులిహోర, పెరుగన్నం ఇంటి దగ్గరే కట్టుకోండి, లోపల తినడానికి ఏమీ దొరకదు. నీళ్లు తాగే లెక్కకి రెట్టింపు పెట్టుకోండి. పెట్రోలు బ్రిడ్జ్‌పోర్ట్‌లో గాని మోనో సరస్సు దగ్గరి లీ వైనింగ్‌లో గాని నింపించండి. అక్కడ రేటెక్కువ అని గొణుక్కుంటూనే నింపించండి. కరెంటు కారైతే చార్జి బోడీకి పోవడానికీ రావడానికీ కాక, హీటరు వేసుకుని కొన్ని గంటలు కూర్చోవడానికి కూడా చాలాలి. బయల్దేరే ముందు ఊళ్లో ఉన్న ఒకరికి నాలుగు ముక్కలు రాసి పంపండి. ఏ రోడ్డున వెళ్తున్నారు, కారు ఏది, రంగేమిటి, ఎంతమంది, ఎన్ని గంటలకల్లా మళ్లీ హైవే ఎక్కుతారు. ఆ వేళ దాటి రెండు గంటలైనా కబురు లేకపోతే మోనో కౌంటీ షెరీఫ్ ఆఫీసుకి ఫోను చెయ్యమనండి. ఆ నంబరు కూడా ఆ కబురులోనే రాయండి. మళ్లీ సిగ్నలు దొరికిన చోట ఆగి, ఫోటోలు పంపకముందే, బయటికొచ్చేశామని వాళ్లకి చెప్పండి. లేకపోతే పాపం, వాళ్లు నిజంగానే షెరీఫ్‌కి ఫోను చేస్తారు.